పదకొండో కొక్కెం

'ముసలమ్మ నోరు' అని ఊరు పిలిచే నీటి గుహలోకి దిగే మెట్ల పైన, గాలి సిలిండర్లు నింపే పాక ముందు. మనిషి కనపడకుండా పోయిన రెండో రోజు, మధ్యాహ్నం. కావలి ఉండే ఎవారిస్తో, అతని అన్న కొడుకు భార్య యుదెల్కా. ఆమె ఒళ్ళో ఎనిమిది నెలల పాప.

"…అది కాదు మావయ్యా, వంటింట్లో గాలి ఉంటుందా, ఉండదా? ఒక్క ముక్క చెప్పండి."

"ఉంటుంది."

"ఎంత?"

"ఉంటుందన్నానుగా తల్లీ."

"ఆయనే చెప్పాడు నాకు. ముసలమ్మ నోట్లోంచి దిగి, రాతికప్పులో ఉన్న మూడు కిటికీల వెలుతురు దాటి, కుడిచేతి వైపు చీకట్లోకి పోయి, ఆ చివర పైకి లేస్తే నీళ్ళందని రాతి గూడు ఒకటుంటుందని. తల బయటపెట్టి ఊపిరి పీల్చుకోవచ్చని. దాన్నే మీరంతా వంటిల్లంటారని. నిజమేనా?"

"నిజమే."

"మరి అందులోనే కూచుని ఉంటాడు. చలికి వణుక్కుంటూ. పైకొచ్చాక నేనేం తిడతానో అని భయపడుకుంటూ."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే ఊఁ. పాపని ఇటివ్వు. చెయ్యి లాగుతోంది నీకు."

"వద్దు, ఇప్పుడే పడుకుంది. రాత్రంతా ఏడుపే. పాలు పడట్లేదు నాకు. నిన్న సాయంత్రం నుంచీ చుక్క లేదు… మావయ్యా, మీరెప్పుడైనా వెళ్ళారా అందులోకి?"

"ఎందుకెళ్ళలేదు. వయసులో ఉన్నప్పుడు మీ మావగారూ నేనూ అక్కడ కూచుని చుట్ట కాల్చాం."

"నీళ్ళ కిందా?"

"నీళ్ళ కిందే. చుట్టా, అగ్గిపెట్టే గాజు సీసాలో పెట్టి, బిరడా బిగించి, మైనం పూసి పట్టుకుపోయాం. మీ మావగారు ఎలాంటివాడనుకున్నావ్? ముసలమ్మ వంటింట్లో పొయ్యి వెలిగించింది మేమిద్దరమేనని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఇద్దరం చెరి రెండు దమ్ములు లాగేసరికి కళ్ళు బైర్లు కమ్మి…"

"కమ్మి?"

"ఏం లేదు. చుట్ట ఘాటుది."

"చుట్ట ఘాటుదా, గాలి తక్కువా?"

"చుట్టే. మీ మావగారు మంచి చుట్ట ఎప్పుడు కొన్నాడు గనక."

"నా మొహం చూసి చెప్పండి."

"అబ్బా, ఏం చెప్పమంటావమ్మా? ఒక మనిషి కదలకుండా, గాబరా పడకుండా కూచుంటే చాలాసేపు ఉండొచ్చు. వాడికా సంగతి తెలుసు. వాడు నా దగ్గర నేర్చుకున్నవాడు."

"వెతకడానికి వాళ్ళు దిగి ఎంతసేపైంది?"

"నలభై నిమిషాలు."

"నలభై నిమిషాలంటే ఒక కుండెడు చిక్కుడు గింజలు ఉడికేంత. నేనలాగే లెక్కపెట్టుకుంటాను. ఆయన దిగాడని తెలిస్తే కుండ పొయ్యిమీద పెడతాను, గింజ మెత్తబడేలోపు గుమ్మంలో ఉండాలి. పెళ్ళైన కొత్తలో నవ్వేవాడు. నీ భర్తని కాదు, గింజల్ని కాపలా కాస్తున్నావని."

"వాడికి అన్నిటికీ నవ్వే."

"ఆ వచ్చినావిడ, ఒదాలిస్, గట్టి మనిషేనా?"

"తీర రక్షక దళంలో పదిహేనేళ్ళుగా ఉందట. గుహల్లో దిగడమే ఆమె పని. మాటలు తక్కువ. అలాంటివాళ్ళే మంచిది."

"నిన్న విల్కిన్ దిగాడుగా. వాడికెందుకు కనపడలేదు? వాడూ ఈ నోట్లోనే పుట్టి పెరిగినవాడేగా."

"బురద లేచిపోయి ఉంది. తన చెయ్యి తనకి కనపడలేదన్నాడు. తుఫాను కెరటాలకి దారితాడు తెగిపోయింది కదా పోయిన నెల్లో. తాడు లేకుండా ఆ కుడివైపు గొంతులోకి పోవడమంటే చావడానికి పోవడమే… అంటే, వాడికి అలవాటు లేదని. పైగా అయిదింటికి కిటికీల వెలుతురు కూడా పోతుంది. మూడుసార్లు ప్రయత్నించాడు పాపం. పైకొచ్చి మెట్ల మీద కక్కుకున్నాడు."

"మీరు దిగొచ్చుగా."

"నా రెండు చెవులూ పోయి పన్నెండేళ్ళైంది. నీకు తెలుసు."

"తెలుసు. ఊరికే అన్నాను."

"నిన్న దిగాను. నడుం లోతు దాకా. విల్కిన్ జుట్టు పట్టి లాక్కొచ్చాడు."

"నాకెవరూ చెప్పలేదు."

"చెప్పడానికేముంది అందులో."

"మీరెవరూ నాకేదీ చెప్పరు. ఆయనేం చెప్పాడో తెలుసా నిన్న పొద్దున? రైలింగుకి రంగు వేస్తానన్నాడు. శనివారం పర్యాటకులొస్తున్నారు, తుప్పు కనపడకూడదని బాబాయ్ గొడవ చేస్తున్నాడన్నాడు. పాత బట్టలు కట్టుకుని, అరటికాయ ముద్దా రెండు గుడ్లూ తిని, పాప బుగ్గ కొరికి మరీ వెళ్ళాడు. రంగంట! మీకు తెలుసు, దిగుతాడని."

"తెలుసు. కొత్త తాడు కట్టాలని నాలుగు రోజులుగా అంటున్నాడు. విల్కిన్‌కి తీరిక దొరికాక ఇద్దరూ కలిసి దిగండి అన్నాను. సరే అన్నాడు. సరే అంటే వాడు వినలేదని అర్థం చేసుకోవాల్సింది."

"పాప పుట్టినప్పుడు మాత పటం ముందు ఒట్టు వేయించుకున్నాను. ఒంటరిగా ముసలమ్మ నోట్లోకి పోనని. మీరు నాకొక్క మాట చెప్పుంటే…"

"చెప్పొద్దన్నాడు."

"ఆయన వద్దంటే మీకు బుద్ధుండక్కర్లేదా?"

"భయపడుతుంది బాబాయ్ అన్నాడు. నేను దిగానని తెలిస్తే పొయ్యి ముందు కూచుని గింజలు లెక్కపెడుతుంది, పాలు ఇంకిపోతాయి అన్నాడు. నీ మీద ప్రేమతోనే…"

"ఇప్పుడింకిపోలేదా? భయపడతానట! నేను కొండల మీద ఊరి దాన్ని మావయ్యా. ఈత రాదు. సముద్రం చూసిందే పెళ్ళికి. భయపడకేం చేస్తాను? నా భయానికి విరుగుడు అబద్ధమా?"

"అరవకు, పాప లేస్తుంది."

"ముసలమ్మకి చెప్పి దిగాడా? 'అవ్వా, వస్తున్నా, నేను ఎముకల గూడుని, కూరకి పనికిరాను' అని? అలా చెప్పకుండా దిగితే కోపమొస్తుందంటారుగా మీరు."

"నేనిక్కడ లేను. వాడు దిగేటప్పటికి రేవుకెళ్ళాను. కంప్రెసర్‌కి వడపోత గుడ్డ పాడైంది, పడవలో వస్తుందంటే ఎనిమిదింటికే వెళ్ళాను. ఆ పడవ ఎప్పుడు వేళకి వచ్చింది గనక."

"ఎప్పుడొచ్చారు తిరిగి?"

"పదకొండున్నరకి."

"పదకొండున్నరకి వచ్చి ఈ కొక్కేల బల్ల ఎదురుగానే కూచున్నారు."

"కూచున్నాను."

"నేను నాలుగింటికి వచ్చాను. గింజలు ఉడికి, చల్లారి, మళ్ళీ వేడిచేసి, అది కూడా చల్లారాక. ఆయనేడి అని అడిగాను. మీరేమన్నారు? 'అదేంటి, ఇంటికి రాలేదా?' అన్నారు. గుర్తుందా?"

"ఉంది."

"పదకొండున్నర నుంచి నాలుగు దాకా ఇక్కడ కూచుని ఏం చేస్తున్నట్టు?"

"వడపోత బిగించాను. సిలిండర్లు నింపాను. కాసేపు కునుకు తీశాను."

"సిలిండర్లు లెక్కపెట్టుకోలేదా? ఒకటి తగ్గిందని తెలీలేదా?"

"లెక్కపెట్టలేదు."

"బల్ల చూడలేదా? దిగేవాడు తన బిళ్ళ తీసుకుని దిగుతాడు, పైకొచ్చాక తన కొక్కేనికి తగిలిస్తాడు. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి లోపలున్నట్టు. ఈ ఊళ్ళో మాటలు రాని పిల్లలకి కూడా తెలుసది. ఆయన కొక్కెం పదకొండోది. మీ ముక్కు ఎదురుగా ఉంటుంది. చూడలేదా?"

"చూడలేదు."

"ఒక్కసారైనా?"

"చూడలేదన్నానుగా. నాదే తప్పు. పొద్దున రేవు అధికారి వచ్చి అడిగాడు, అతనికీ అదే చెప్పాను. ముసలోణ్ణైపోయాను. కళ్ళు అటు పోలేదు."

"కళ్ళు అటు పోలేదు! ఎంత తేలిగ్గా అంటున్నారు!"

"తేలిగ్గా అనట్లేదు తల్లీ."

"నేను నిన్న పదింటికి కూడా వచ్చాను, తెలుసా? పాపనెత్తుకుని అంత దూరం నడిచి. ఇక్కడ పిట్ట లేదు. రైలింగుకి రంగూ లేదు. మీతో పాటు రేవుకెళ్ళి ఉంటాడు, రంగు డబ్బా కోసమేమో అనుకున్నా. ఎందుకొచ్చానంటే, బట్టలుతుకుతుంటే…"

"కాఫీ చల్లారిపోతోంది. తాగు."

"వద్దు. ఉతుకుతుంటే…"

"తాగమన్నానా! పాలిచ్చే మనిషివి. నిన్నటి నుంచి నోట్లో ఏమీ వేసుకోలేదు. ఎండుచేపా, కర్రపెండలం రొట్టే తెప్పించాను, అదీ ముట్టుకోలేదు. ఆ పిల్ల ఏం చేసింది నిన్ను?"

"అలా కసురుకుంటారేం?"

"కసురుకోలేదు. తాగు."

"…పంచదార ఎక్కువేశారు."

"కావాలనే వేశాను."

"మావయ్యా, బల్ల ఎందుకలా గోడకి తిప్పి పెట్టారు?"

"గాలికి బిళ్ళలు మోగుతున్నాయి. నిన్న సాయంత్రం నుంచీ ఆ చప్పుడు భరించలేకపోతున్నాను."

"ఎప్పుడూ మోగుతూనే ఉంటాయిగా. ఆయనంటాడు, ఆ చప్పుడు వింటే ఇంటికొచ్చేసినట్టుంటుందని…"

"అదుగో, బుడగలు. చూడు, అక్కడ, నోటి అంచున. వస్తున్నారు."

"ఎంతమంది? మావయ్యా, ఎంతమంది? తలలు లెక్కపెట్టండి. నాకు కనపడట్లేదు, కళ్ళు… ఒకటి, రెండు…"

"ఆగు. అక్కడే ఉండు. మెట్లు జారతాయి, పాపతో దిగకు."

"రెండే. దిగింది ఇద్దరే కదా? ఇద్దరే వచ్చారు."

ఒదాలిస్ ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. ఆమెతో దిగినవాడు కిందే ఆగిపోయాడు.

"అమ్మా, మీరు కాసేపు కూర్చోండి."

"నిలబడే వింటాను ఒదాలిస్ గారూ. చెప్పండి."

"దొరికాడు."

"ఎక్కడ? వంటింట్లోనేనా?"

"పైకి లేచే రాతి గూడు. మీరు దాన్ని వంటిల్లంటారని ఈ పెద్దాయన చెప్పారు. అందులోనే."

"చూశారా మావయ్యా! నేను చెప్పలేదూ? కూచునే ఉంటాడని చెప్పలేదూ? దుప్పటి తెచ్చాను, ఇదుగో, ఉన్ని దుప్పటి, మా అమ్మ ఇచ్చింది. వెంట తీసుకురాలేదేం మరి? సిలిండర్ సరిపోలేదా? ఇంకోటి పట్టుకెళ్ళండి. మావయ్యా, నింపినవి ఉన్నాయిగా, ఇవ్వండి ఆవిడకి…"

"అమ్మా."

"చలిగా ఉంటుందక్కడ."

"అమ్మా, నా మాట వినండి. గాలి అయిపోయింది. పీల్చిన గాలినే మళ్ళీ మళ్ళీ పీల్చాడు. అలా పీలిస్తే మత్తొస్తుంది. నొప్పి తెలీదు. గోడకి ఆనుకుని, ఛాతీ దాకా నీళ్ళల్లో, నిద్రపోయినట్టు ఉన్నాడు."

"నిద్రపోతున్నాడేమో, లేపి చూశారా?"

"చూశాను."

"గట్టిగా లేపాలి ఆయన్ని. పొద్దున్నే నేను కూడా…"

"చూశానమ్మా. చల్లబడి చాలా గంటలైంది. నిన్ననే."

"…నిన్న ఎప్పుడు?"

"నేను ఊహించి చెప్పలేను. మెడలో పలక ఉంది, నీళ్ళల్లో రాసుకునేది. వేళలు వేశాడు. రూలు ప్రకారం ముందు రేవు అధికారికివ్వాలి దీన్ని. కానీ ముందు మీకు చూపించాలనిపించింది. కెరటం తగ్గాక ఆయన్ని పైకి తెస్తాం. మూడింటికి తగ్గుతుందంటున్నారు. పెద్దాయనా, ఆమెని చూసుకోండి. నేను కింద ఉంటాను."

"ఆ పలక ఇటివ్వమ్మా ఒదాలిస్, నాకివ్వు. నేను చదివి చెప్తాను. యుదెల్కా చదువు ఆరో తరగతితో ఆగిపోయింది."

"నాకు చదవడం వచ్చు."

"కళ్ళనిండా నీళ్ళున్నాయి, ఎలా చదువుతావు. నేను చదువుతాను. కూచో. ఏమని రాశాడంటే… 'యుదెల్కా, పాప జాగ్రత్త. మీరిద్దరే నా ప్రాణం' అని."

"అంతేనా?"

"అంతే."

"పలక నిండా ఉంది రాత. అంకెలున్నాయి. నన్ను మొద్దనుకున్నారా?"

"అవి గీతలు. చేతులు వణికి ఉంటాయి."

"ఇటివ్వండి."

"ఇంటికెళ్ళాక చూద్దువుగాని."

"ఇటివ్వమంటున్నానా! నా మొగుడి రాత అది. పాపని పట్టుకోండి. పట్టుకోండి మావయ్యా! ఇవ్వండి… తొ, తొమ్మిదీ పదిహేను. దిగాను. అదేగా? తొమ్మిదీ యాభై. తాడు చేజారింది. బురద. దారి లేదు."

"చాలు తల్లీ."

"పదీ ఇరవై. వంటిల్లు. సిలిండర్… అయిపోయింది. గాలి ఉంది. పదకొండున్నర. బాబాయ్ వచ్చే వేళ. కొక్కెం ఖాళీ. చూస్తాడు. చూస్తాడు అని రాశాడు. కింద గీత కూడా గీశాడు. చూడండి, గీత."

"చూశాను."

"పన్నెండున్నర. చూసే ఉంటాడు. విల్కిన్ కోసం మనిషిని పంపుంటాడు. ఒకటీ నలభై. తలనొప్పి. నిద్రొస్తోంది. పాటలు పాడుతున్నా. రెండూ నలభై అయిదు. యుదెల్కాకి… యుదెల్కాకి చెప్పకండి. భయపడుతుంది."

"ఇంక వద్దు."

"మూడు. కొక్కెం… తర్వాత లేదు. కొక్కెం అని రాసి, ఇదిగో, ఇలా కిందికి జారిపోయింది."

"పాప లేచింది, తీసుకో. నీకోసమే ఏడుస్తోంది."

"ఏడవనీ. మూడింటి దాకా ఉన్నాడు. వింటున్నావా నువ్వు? మూడింటి దాకా! పదకొండున్నరకి నువ్వొచ్చావు. మూడున్నర గంటలు. విల్కిన్ ఇల్లు ఇక్కడికి పిలుపు దూరం. అప్పుడైతే ఎండ నేరుగా కిటికీల్లోంచి పడుతూ ఉండేది. అప్పుడు దిగుంటే దొరికేవాడు!"

"దొరికేవాడు."

"నువ్వు కాఫీ తాగుతూ కూచున్నావు. కునుకు తీశావు! నీ కాళ్ళ కిందే, ఈ రాయి కిందే, నువ్వొస్తావని పాటలు పాడుకుంటున్నాడు ఆయన. నీ మీదే నమ్మకం పెట్టుకుని. మాతని పిలవలేదు, నన్నూ పిలవలేదు, నిన్ను పిలిచాడు!"

"అవును."

"అవునంటావేం? తల తిప్పి ఒక్కసారి చూస్తే సరిపోయేది! ఒక్కసారి! ఇంత చిన్న ఇత్తడి బిళ్ళ ఉందా లేదా అని! దానికోసమేగా నిన్నిక్కడ కూచోబెట్టింది?"

"దానికోసమే. తిట్టు. ఇంకా తిట్టు."

"తిట్టక? చంపేశావు నువ్వు. నీ అన్న కొడుకుని."

"అవును తల్లీ. నేనే."

"నువ్వు… నువ్వెప్పుడూ చూస్తావు."

"నిన్న చూడలేదు."

"లేదు, ఎప్పుడూ చూస్తావు. ఆయనెన్నిసార్లు వెక్కిరించాడు ఇంటికొచ్చి. బాబాయ్ రేవు నుంచి రాగానే చెప్పులు విప్పకముందు బల్ల దగ్గరికెళ్తాడు, ఒక్కో బిళ్ళనీ వేలితో తాకి లెక్కపెడతాడు, పిల్లలకి తల నిమిరినట్టు అని. మొన్న సాయంత్రం కూడా…"

"పద, ఇంటికి పోదాం. వాణ్ణి తెచ్చేలోపు నువ్వు కాస్త మొహం కడుక్కుని…"

"ఆగండి. మొన్న సాయంత్రం కూడా మీరు తిట్టారన్నాడు. బిళ్ళ జేబులో వేసుకుని ఇంటికొచ్చేస్తున్నాడని."

"అలవాటే వాడికి. వదిలేయ్."

"ఏమని తిట్టారు?"

"కొక్కెం ఖాళీగా ఉంటే నాకు రాత్రి నిద్రుండదురా అన్నాను. 'నేను నీ ఎదురుగానే నిలబడ్డానుగా బాబాయ్, ఇంకేం నిద్ర పట్టదు? పొద్దున తెస్తాలే' అన్నాడు, పళ్ళన్నీ బయటపెట్టి. రేపు మెట్లన్నీ నీతోనే ఊడిపిస్తానన్నాను. అయిపోయింది. పద."

"తొమ్మిదీ పదిహేనుకి దిగాడు."

"యుదెల్కా."

"నేను పదింటికి వచ్చాను. నేను వచ్చాక దిగాడనుకున్నాను. నేను వెళ్ళిపోయాక ఎక్కడినుంచో వచ్చి, బిళ్ళ తీసుకుని దిగాడనుకున్నాను. రాత్రంతా అదే అనుకున్నాను. కాసేపు ఆగుంటే కనపడేవాడు కదా, ఆపేదాన్ని కదా అని. కానీ తొమ్మిదీ పదిహేను. నేనొచ్చేసరికి లోపలే ఉన్నాడు."

"వేళ తప్పు రాసుంటాడు. వాడి గడియారం ఎప్పుడూ…"

"బిళ్ళ అప్పుడు నా దగ్గరుంది. నీలం ప్యాంటు జేబులో. ఉతుకుతుంటే చేతికి తగిలింది. ఆయనేమో పాత బట్టలు కట్టుకుపోయాడు. పొద్దున ఇక్కడికొచ్చి ఖాళీ కొక్కెం చూసి ఏమనుకుని ఉంటాడు? తీసే పని తప్పిందనుకుని ఉంటాడు. ఆయన సంగతి నాకు తెలీదూ? ఖాళీగానే ఉందిలే అనుకుని దిగుంటాడు."

"యుదెల్కా, ఇదుగో, పాపని ఎత్తుకో, ఎలా ఏడుస్తోందో."

"నేను తెచ్చి తగిలించాను."

"నువ్వేం తగిలించలేదు."

"తగిలించాను మావయ్యా. పాపనెత్తుకుని, ఎండలో పరుగులాంటి నడకతో వచ్చి. ఇవాళ రంగు పనే కదా, దిగడు కదా, మరి బిళ్ళ కొక్కేనికి లేకపోతే మీరు మళ్ళీ తిడతారు, నలుగురిలో మెట్లు ఊడిపిస్తారు అని. ముందు సబ్బు పెట్టి తోమాను. దాని తాడు కూడా ఉతికాను, తెల్లగా వచ్చింది. అంకె మెరుస్తుంటే పాపకి చూపించాను. ఇదుగో, ఇది నాన్న అని. దాని చేత్తోనే తగిలించినట్టు పట్టుకుని… అది నవ్వింది."

"చాలు తల్లీ, ఆపు."

"మీరు చూశారు."

"చూడలేదు."

"చూశారు. చెప్పులు విప్పకముందే చూశారు. వేలితో తాకారు. బిళ్ళ ఉంది. అందుకే నాలుగింటికి నేనడిగితే 'ఇంటికి రాలేదా' అన్నారు. పైకొచ్చేశాడనుకున్నారు. అందుకే కునుకు పట్టింది మీకు."

"చూడలేదన్నాను కదా!"

"సబ్బు వాసన వేసిందా?"

"ఏ సబ్బు?"

"మావయ్యా, సబ్బు వాసన వేసిందా?"

"…వేసింది. ముప్ఫై ఏళ్ళుగా ఉప్పు నాకిన తాళ్ళు అవన్నీ. వాటి మధ్యన ఒక్కటి తెల్లగా. నవ్వొచ్చింది నాకు. ఈ వెధవకి మంచి పెళ్ళాం దొరికిందనుకున్నాను."

"అమ్మా…"

"కూచో. కూచో తల్లీ. ఇలా నా భుజానికి ఆనుకో. పాపని వదలకు."

"నేనే. నా చేత్తోనే. ఇంతసేపూ మిమ్మల్ని… నేనే మావయ్యా. అధికారి ఎక్కడ? వెళ్ళి చెప్తాను. ఊరందరికీ చెప్తాను. పొద్దున నుంచీ ఆడవాళ్ళు మీ వైపు చూసి ఉమ్ముతున్నారు, నేను చూశాను, నేనేమీ అనలేదు, నేనూ ఉమ్మేదాన్నే."

"ఏం చెప్తావు?"

"జరిగింది."

"జరిగింది పొద్దున్నే చెప్పేశాను. అధికారి రాసుకున్నాడు. కింద సంతకం పెట్టాను."

"అబద్ధం చెప్పారు."

"వాడూ అబద్ధం చెప్పే దిగాడు. నేనూ నీ దగ్గర దాచాను. అవి చెప్పి నీ భయం తీర్చలేకపోయాం మేమిద్దరం. ఇంకొక్కటి చెప్పనీ."

"వద్దు. ఇంక అబద్ధాలొద్దు నాకు. మిమ్మల్ని ఇక్కణ్ణుంచి పంపించేస్తారు. ఈ పాక తప్ప మీకేముంది?"

"నాకు అరవై ఏడేళ్ళు. ఈ పిల్లకి ఎనిమిది నెలలు. మాటలొస్తాయి దీనికి. మా నాన్న ఎలా పోయాడని అడుగుతుంది. నువ్వు చెప్పకపోతే ఊరు చెప్తుంది. ఈ ఊరికి నోరు మూసుకోవడం రాదు, దీని పక్కన ఆ ముసలమ్మ నయం. అప్పుడొక పేరు కావాలి చెప్పడానికి. నా పేరు చెప్పు."

"నాకు తెలుసు కదా మావయ్యా. ఎవరికి చెప్పినా చెప్పకపోయినా, నాకు తెలుసు కదా."

"తెలుసు. దానికి నా దగ్గర మందు లేదు."

"ఆయన కొక్కెం ఖాళీగా ఉందనుకున్నాడు. చివరి దాకా. మూడింటికి కూడా."

"లే. వచ్చి ఆ బల్ల ఇటు తిప్పు."

"నేను తిప్పలేను."

"తిప్పు తల్లీ. నేను పాపని పట్టుకుంటాను."

"అమ్మో, ఎంత బరువుంది… తొమ్మిది, పది…"

"ఆఁ. తర్వాత?"

"పదకొండు… లేదు. నేను తగిలించిన బిళ్ళ లేదు. ఏం చేశారు మావయ్యా?"

"చూశావుగా. వాడు రాసిందే నిజం. కొక్కెం ఖాళీగానే ఉంది. నేనే చూడలేదు."